ఇనుప చౌకట్టుకు గోడ స్క్రూలు పనికిరావు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎండలు మొదలయ్యాయంటే పత్రికల్లో ఇల్లు చల్లగా ఉంచుకునే చిట్కాలు వస్తాయి. కిటికీలకు బ్లైండ్లు పెట్టించుకోండి అన్న సలహా వాటిలో ఎప్పుడూ ఉంటుంది. సలహా మంచిదే. కానీ ఆ బ్లైండు దేన్ని పట్టుకుని వేలాడాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. బ్లైండు తెచ్చాక అసలు తంటా అక్కడే. అందుకే కాస్త పొడుగైనా ఈ ఉత్తరం రాస్తున్నాం.

బ్లైండు పెట్టె విప్పితే మామూలుగా రెండు బ్రాకెట్లు, నాలుగు స్క్రూలు, నాలుగు ప్లాస్టిక్ గిట్టీలు కనబడతాయి. ఆ స్క్రూలు, గిట్టీలు ఇటుక గోడకో సిమెంటు గోడకో చేసినవి. మరి మన ఇళ్లలో టేకు చౌకట్లు తగ్గి చాలాకాలమైంది. అపార్టుమెంట్లలో అల్యూమినియం స్లైడింగు కిటికీలు, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలు. పాత ప్రభుత్వ క్వార్టర్లలో, బడుల్లో, ఆసుపత్రుల్లో ఇనుప కిటికీలు. తక్కువ ఖర్చులో కట్టిన ఇళ్లకు రేకు వంచి చేసిన చౌకట్లు. వీటిలో దేనికీ గిట్టీ పనికిరాదు. గిట్టీ పని చేసేది చుట్టూ గట్టి గోడ ఉండి, స్క్రూ లోపలికి దూరేకొద్దీ అది ఉబ్బి ఆ గోడను ఒత్తినప్పుడే. చౌకట్టు లోపల ఉన్నది డొల్ల. అక్కడ ఉబ్బినా ఒత్తడానికి ఏమీ ఉండదు, చౌకట్టుతో పాటు అదీ ఊగుతుంది.

గిట్టీ తీసేసి ఆ స్క్రూనే నేరుగా రేకులోకి దింపుదామంటే అదీ కుదరదు. అది చెక్క స్క్రూ లాంటిదే, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం ఎక్కువ. 1.2 మి.మీ. రేకులో ఒక చుట్టు కూడా పూర్తిగా పట్టదు. బిగించిన రోజు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. రోజూ పైకీ కిందికీ లాగుతుంటే ఆ ఒక్క అంచూ అరిగి కన్నం కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది, బ్రాకెట్ ముందుకు వాలుతుంది.

బరువు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అందరూ అడిగేది అదే. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు రోలర్ బ్లైండుకు చదరపు మీటరుకు 350 గ్రాముల గుడ్డ వేసినా గుడ్డ బరువు 630 గ్రాములే. గొట్టం, కింది పట్టీ, గొలుసు అన్నీ కలిపినా ఏ రెండు కిలోలో అవుతుంది. ఈ బరువుకు ఏ బ్రాకెటూ ఊడిపోదు. ఊడగొట్టేది గొలుసు మీద పడే చెయ్యి. బ్లైండు ఎక్కడో పట్టేసినప్పుడు మనం గట్టిగా గుంజే గుంజు బ్లైండు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది, అదీ గొలుసున్న వైపు బ్రాకెట్ మీదే పడుతుంది. కాబట్టి స్క్రూను ఎంచుకోవాల్సింది ఆ గుంజుకు తట్టుకునేలా.

మొదటి పని అయస్కాంతంతో. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న బొమ్మ అయస్కాంతం చాలు. గట్టిగా అంటుకుంటే ఇనుము, అసలు అంటకపోతే అల్యూమినియం, లేదా కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు. యూపీవీసీ కిటికీల దగ్గర ఈ పరీక్ష ఇంకా బాగా ఉపయోగపడుతుంది. ఆ ప్లాస్టిక్ గొట్టం లోపల మామూలుగా జీఐ పట్టీ, అంటే జింకు పూత వేసిన ఇనుప పట్టీ ఉంటుంది. అయస్కాంతాన్ని పైన మెల్లగా జరుపుతూ పోతే పట్టీ ఉన్నచోట వేళ్లకు చిన్న లాగుడు తెలుస్తుంది. అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. స్క్రూ ఆ పట్టీని పట్టుకోవాలి, ఉత్త ప్లాస్టిక్‌ను నమ్ముకోకూడదు.

రెండోది మందం. వంచిన రేకు చౌకట్లు సాధారణంగా 1.2 నుంచి 1.6 మి.మీ. ఉంటాయి. ఇళ్లలోని అల్యూమినియం సెక్షన్లూ ఇంచుమించు అంతే, చవక రకమైతే ఇంకా పలచన. పాత ఇనుప కిటికీల బద్దలు సుమారు 3 మి.మీ. గ్రిల్లు పట్టీలైతే 5 మి.మీ. దాకా ఉంటాయి. వాన నీరు పోవడానికి పెట్టిన కన్నం దగ్గరో, సెక్షను కోసిన చివరో అంచు కనబడుతుంది, వెర్నియర్ పెట్టి చూడొచ్చు.

ఇక స్క్రూ. 1.2 నుంచి 1.6 మి.మీ. రేకుకు 8వ నంబరు, అంటే 4.2 మి.మీ. సెల్ఫ్ ట్యాపింగ్ (తన మర తానే కోసుకునే) స్క్రూ, 13 లేదా 19 మి.మీ. పొడవుది. దానికి ముందుగా ఇనుములో 3.2 మి.మీ., అల్యూమినియంలో 3 మి.మీ. కన్నం. ఈ అర మిల్లీమీటరూ పావు మిల్లీమీటరూ తేడాలే పనిని నిలబెడతాయి. 4 మి.మీ. బిట్టే చేతిలో ఉందని దాంతో కన్నం వేస్తే స్క్రూ చుట్టుకు పట్టుకోవడానికి అంచే మిగలదు. అలాగని మరీ చిన్న కన్నం వేస్తే అల్యూమినియంలో స్క్రూ మధ్యలోనే ఇరుక్కుని తల తెగిపోతుంది.

ముక్కే బిట్టుగా ఉండే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు వచ్చాక చాలామంది కన్నం వేయడమే మానేశారు. వాటికీ ఒక లెక్క ఉంది. 4.2 మి.మీ. స్క్రూ ముక్కు 1.75 నుంచి 3 మి.మీ. మందానికి, 4.8 మి.మీ. స్క్రూ ముక్కు 4.4 మి.మీ. మందం దాకా చేసినది. ముక్కు పూర్తిగా లోహం దాటి అవతలికి వెళ్లాకే చుట్లు మొదలవ్వాలి. మందమైన పట్టీలో ముక్కు ఇంకా కోస్తూండగానే చుట్లు పట్టుకున్నాయనుకోండి, చుట్లు స్క్రూను తమ వేగంతో ముందుకు లాగుతాయి, ముక్కు అంత వేగంగా కొయ్యలేదు. ముక్కైనా విరుగుతుంది, చుట్లైనా నలుగుతాయి. మరీ పలచని రేకు మీద ఇంకో కష్టం. ముక్కు కోసిన కన్నం చుట్టుకు కావలసినదాని కంటే పెద్దదవుతుంది, స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగియదు. అందుకని 1.2 మి.మీ. చౌకట్టుకు కన్నం వేసి సెల్ఫ్ ట్యాపింగ్ వాడటమే మేలని మా అభిప్రాయం.

5 మి.మీ. పట్టీకి అసలు ఈ రకం స్క్రూలు వద్దు. 3.3 మి.మీ. కన్నం వేసి, మర కోసే ట్యాపుతో ఎం4, అంటే 4 మి.మీ. మర కోసి, మిషను స్క్రూ బిగించండి. ఎం5 అయితే 4.2 మి.మీ. కన్నం. ట్యాపు సగం చుట్టు తిప్పి పావు చుట్టు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పకపోతే కోసిన లోహపు రజను ఇరుక్కుని ట్యాపు లోపలే విరుగుతుంది, ఆ ముక్కను ఇంటి దగ్గర ఎవరూ తీయలేరు.

రేకు పలచనై, బ్లైండు పెద్దదై, మళ్లీ మళ్లీ విప్పాల్సి ఉంటే రివిట్ నట్టును, అంటే రేకు కన్నంలో బిగించే మర ఉన్న చిన్న గొట్టాన్ని మించింది లేదు. ఎం4 రివిట్ నట్టుకు 6 మి.మీ. కన్నం, ఎం5కు 7 మి.మీ. నట్టు లోపలి వైపు మడతపడి రేకును రెండు పక్కలా పట్టుకుంటుంది. స్క్రూ ఎన్నిసార్లు విప్పినా రేకు అరగదు. దీన్ని బిగించే చేతి పనిముట్టు పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ఒకసారి బిగిస్తే విప్పే అవసరం లేదనుకుంటే 4 మి.మీ. పాప్ రివిట్టు, దానికి 4.1 మి.మీ. కన్నం.

ఇప్పుడు కన్నం వేసే పద్ధతి. ఎక్కువ కిటికీలు పాడయ్యేది ఈ ఒక్క నిమిషంలోనే. గోడకు వాడిన మిషనూ గోడకు వాడిన బిట్టూ పెట్టి, హ్యామరు మీటా ఆన్‌లోనే ఉంచి రేకు మీద నొక్కుతారు. గోడ బిట్టు మూతి సిమెంటును పొడిచి పొడి చేయడానికి చేసినది, లోహాన్ని కొయ్యలేదు. పౌడర్ కోటింగ్ నున్నగా ఉంటుంది, బిట్టు జారి ఒక వంకర గీత గీసేస్తుంది. ఆ గీతను ఏ రంగూ పూర్తిగా దాచలేదు.

హెచ్‌ఎస్‌ఎస్ అనే లోహం కోసే బిట్టు తీసుకోండి. హ్యామరు మీట ఆపేయండి. గుర్తు పెట్టిన చోట మాస్కింగ్ టేపు అంటించి, ఆ టేపు మీద సెంటర్ పంచ్ (మొన ఉన్న చిన్న ఉక్కు కడ్డీ) పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టండి. ఆవగింజంత గుంట పడితే బిట్టు అక్కడి నుంచి కదలదు. అల్యూమినియం అయితే మెల్లగా కొట్టాలి, లేకుంటే సెక్షను లోపలికి సొట్టపోతుంది. మొదట నెమ్మదిగా తిప్పి, గుంట స్థిరపడ్డాక వేగం పెంచండి. 3.2 మి.మీ. బిట్టుకు మామూలు ఇనుములో నిమిషానికి రెండు వేల పైచిలుకు చుట్లు సరిపోతాయి. ఇనుములో ఒక చుక్క నూనె, అల్యూమినియంలో ఒక చుక్క కిరోసిన్. పని సరిగ్గా జరుగుతోందని చెప్పేది బిట్టు పక్కన వచ్చే రజనే. బిట్టు మీది రెండు గాడుల నుంచీ సన్నని ఉంగరాల్లా చుట్టలు వస్తుంటే బిట్టు కోస్తోంది. పొడి మాత్రమే వస్తూ కీచుమంటుంటే అది రుద్దుతోంది. కొన నీలం రంగుకు తిరిగిందంటే పదును పోయింది, ఇంకా నొక్కితే వేడెక్కడం తప్ప ఏమీ జరగదు. బిట్టు అవతలికి దాటబోయే ముందు చేతి ఒత్తిడి తగ్గించండి. అక్కడే చాలా బిట్లు ఇరుక్కుని విరుగుతాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఇదంతా తలకిందులు. వేగం సగానికి తగ్గించి ఒత్తిడి పెంచాలి. వేగంగా తిప్పుతూ మెల్లగా నొక్కితే ఆ ఉపరితలం రుద్దుడుకే గట్టిపడిపోతుంది, తర్వాత కొత్త బిట్టు పెట్టినా దిగదు. కోబాల్ట్ కలిసిన బిట్టు కొనండి, నూనె తప్పనిసరి.

రెండు కన్నాలు వేసి స్క్రూలు దింపేటప్పుడు ఇంపాక్ట్ డ్రైవర్ వాడకండి. డ్రిల్ మిషను క్లచ్చు తక్కువ అంకెలో పెట్టి దింపి, చివరి చుట్టు చేతి స్క్రూడ్రైవరుతో బిగించండి. బిగిసిందని చేతికి తెలుస్తుంది, మిషనుకు తెలియదు. ఒకవేళ కన్నం చెడిపోతే అందులో అగ్గిపుల్ల కుక్కడం, ఎపాక్సీ ముద్ద నింపడం రెండూ వద్దు. 8వ నంబరు చెడితే 10వ నంబరు, అంటే 4.8 మి.మీ. స్క్రూ వెయ్యండి. అదీ పట్టకపోతే కన్నం 6 మి.మీ.కి పెంచి రివిట్ నట్టు వెయ్యండి.

రజను గురించి ఒక మాట. కిటికీ కింది పట్టాలో పడిన ఇనుప రజను మొదటి వానకే తుప్పు పట్టి తెల్ల అల్యూమినియం మీద గోధుమ రంగు చారలు వదులుతుంది. చక్రాల కిందికి చేరితే తలుపు గరగరలాడుతుంది. పట్టాలో తడిగుడ్డ పరిచి పని మొదలుపెట్టి, అయ్యాక గుడ్డ అలాగే మడిచి తీసేయండి.

ఎక్కడ కన్నం వేయకూడదో తెలియడం కూడా అంతే ముఖ్యం. అద్దం పట్టుకున్న తలుపు బద్దకు వేయొద్దు. లోపల అద్దం అంచు ఎక్కడుందో బయటికి కనబడదు, టఫెండ్ గ్లాసు అంచుకు స్క్రూ కొన తగిలిందంటే అద్దం మొత్తం ముక్కలై రాలుతుంది. పొడుగు స్క్రూ బదులు 13 మి.మీ. స్క్రూ అనడానికి ఇదొక కారణం. కింది బద్దకు వేయొద్దు, అక్కడ వాన నీరు బయటికి పోయే దారి ఉంటుంది. కార్యాలయ భవనాల అద్దపు గోడల నిలువు సెక్షన్లకు, ఆ గోడ కట్టిన వారిని అడగకుండా డ్రిల్ పెట్టకూడదు. యూపీవీసీ కిటికీకి గ్యారంటీ ఇంకా ఉంటే, కన్నం వేస్తే అది చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. ఏసీ పాయింటు కిటికీ పక్కనే ఉంటే తీగ ఎటు పోయిందో చూసుకుని, ఆ లైను ఆపి మొదలుపెట్టండి. చేతిలో ఉన్నది కరెంటు మిషను, ముందున్నది ఇనుము.

నిజానికి చౌకట్టు చుట్టూ గట్టి గోడ ఉంటే చౌకట్టు జోలికే పోకుండా గోడకు బిగించడం మంచిది. అప్పుడు పెట్టెలో వచ్చిన గిట్టీలే చాలు. కాకపోతే కిటికీ పైన ఉన్నది లింటల్, అందులో ఇనుప కడ్డీలు ఉంటాయి. గోడ బిట్టు రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఉన్నట్టుండి ఆగి, శబ్దం మారి, పొడి రావడం మానేసిందంటే కడ్డీ తగిలింది. అక్కడ బలం చూపించకండి. బిట్టు మొద్దుబారుతుంది, కడ్డీ మాత్రం అలాగే ఉంటుంది. కన్నాన్ని 25 మి.మీ. పైకో కిందికో జరపండి. బ్రాకెటుకు పొడుగు గాడి ఉంటే ఆ సర్దుబాటు దానిలోనే అయిపోతుంది.

ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న పోర్టా క్యాబిన్లు, కంటెయినర్ గదులు, పఫ్ ప్యానెల్ షెడ్ల సంగతి వేరు. ప్యానెల్ పై రేకు అర మిల్లీమీటరే, లోపల నురగ. ఒంటి స్క్రూ ఏదీ నిలబడదు. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం అల్యూమినియం పట్టీని కిటికీ పైన అడ్డంగా పెట్టి 150 మి.మీ.కి ఒకటి చొప్పున పాప్ రివిట్లు కొట్టండి. ఆ పట్టీలో ఎం4 మర కోసి బ్రాకెట్లు బిగించండి. ఆ స్క్రూ కొన రేకును నెట్టకుండా దాని వెనక రేకులో కొంచెం పెద్ద కన్నం వేసుకోవాలి. 3 మి.మీ. మందంలో నాలుగు చుట్లు పడతాయి, చాలు. లాగుడు ఒక్కచోట పడకుండా పట్టీ అంతటా పంచుకుంటుంది. పట్టీ పొడుగు రెండు మీటర్లు దాటితే మధ్య కన్నం తప్ప మిగతావి కాస్త అడ్డంగా సాగదీయండి. రెంటచింతల, రామగుండం ఎండలకు అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంత పొడవు మీద ఆ తేడా ముప్పావు మిల్లీమీటరుకు తగ్గదు.

కన్నం ఎందుకు, టేపుతో అంటించేస్తే పోదా అంటారు. అద్దె ఇంట్లో వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. రెండు వైపులా అంటే యాక్రిలిక్ ఫోమ్ టేపు చిన్న, తేలిక బ్లైండ్లకు పనికొస్తుంది, పద్ధతిగా అంటిస్తేనే. ఐసోప్రొపైల్ ఆల్కహాలూ నీళ్లూ సమపాళ్లలో కలిపి తుడిచి, ఆరాక అంటించి, గట్టిగా అదిమి, మూడు రోజులు బ్లైండు తగిలించకుండా వదిలేయాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అదే సాయంత్రం బ్లైండు తగిలించి, పొద్దున్నే కింద పడిందని టేపును తిడితే లాభం లేదు. పడమటి కిటికీకీ, ముదురు రంగు చౌకట్టుకూ టేపు వద్దే వద్దు. చెయ్యి పెట్టలేనంత వేడికి ఫోమ్ మెత్తబడి రోజుకింత చొప్పున కిందికి సాగుతుంది. అయస్కాంతపు బ్రాకెట్ల మీద రాసిన కిలోలు నేరుగా వెనక్కి లాగినప్పటి లెక్క. బ్లైండు లాగేది కిందికి, జారే దిక్కులో. ఆ దిక్కులో పట్టు మూడో వంతు కూడా ఉండకపోవచ్చు.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్ల వారికి. పెట్టెలో వచ్చే తెల్లగా మెరిసే జింకు పూత స్క్రూలు ఉప్పు గాలికి నిలవవు. తల మీద మొదట తెల్లటి పొడి, ఆ తర్వాత ఎర్రటి తుప్పు వస్తాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు తెచ్చుకోండి, దొరక్కపోతే 304. అల్యూమినియం చౌకట్టయితే స్క్రూ తల కింద నైలాన్ వాషరు వేసి, కన్నంలో ఒక చుక్క సిలికాన్ పెట్టండి. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అరిగిపోయేది అల్యూమినియమే. ఇత్తడి స్క్రూలు అందంగా ఉంటాయని అల్యూమినియంలో దింపొద్దు, నష్టం ఇంకా ఎక్కువ. ఇనుప చౌకట్టుకు కన్నం వేసిన అంచున రెడ్ ఆక్సైడ్ ఒక్కసారి తాకించి స్క్రూ బిగించండి.

రెండు బ్రాకెట్లూ ఒకే మట్టంలో లేకపోతే రోలర్ బ్లైండు చుట్టుకుంటూ ఒక పక్కకు జరిగి, గుడ్డ అంచు బ్రాకెటుకు రాసుకుని పోగులు లేస్తుంది. చౌకట్టే వంకరగా ఉండొచ్చు, కాబట్టి చౌకట్టును కాదు, మట్టపు గొట్టాన్ని నమ్మండి. బిగించాక కూడా కొద్దిగా జరుగుతుంటే గుడ్డ పూర్తిగా దించి, ఎటు జరుగుతోందో దానికి ఎదుటి వైపు గొట్టం మీద మాస్కింగ్ టేపు ముక్క ఒకటి అంటించి మళ్లీ చుట్టండి. వెనీషియన్ బ్లైండు 1.2 మీటర్లు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్ వెయ్యండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది గొలుసు గురించి. రోలర్ బ్లైండు గొలుసు ఒక ఉచ్చు. చిన్నపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన ఘటనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో 2018 డిసెంబరు నుంచి, కొలత ఇచ్చి చేయించుకోకుండా దుకాణంలో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు తాడు లేకుండానో పిల్లలకు అందకుండానో చేయాలన్న ప్రమాణం అమల్లోకి వచ్చింది, అక్కడున్న మన వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఇక్కడ పెట్టెలో గొలుసును బిగువుగా పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క వస్తుంది. ఇనుప చౌకట్టుకు కన్నం వేయడం కష్టమని దాన్ని పక్కన పడేసి, గొలుసును వేలాడేలా వదిలేస్తున్నారు. ఆ ముక్కకు కావలసింది 3.5 మి.మీ. స్క్రూ ఒకటో రెండో, వాటికి 2.8 మి.మీ. కన్నాలు. టేపుతో అంటించకండి, పిల్లాడు ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. ఆ కిటికీ దగ్గర మంచం, కుర్చీ, స్టూలు ఉంచకండి.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. బ్లైండ్లు తయారుచేసే వారు గోడ స్క్రూలతో పాటు లోహానికి పనికొచ్చే 8వ నంబరు స్టెయిన్‌లెస్ స్క్రూలు నాలుగు, 3.5 మి.మీ.వి రెండు పెట్టెలో వేసి, ఏ మందానికి ఎంత కన్నమో తెలుగులో ఒక చీటీ పెట్టాలి. ఇక అపార్టుమెంట్లు కట్టే వారు ఫ్లాటు అప్పగించేటప్పుడు కిటికీ సెక్షను మందం, లోపలి జీఐ పట్టీ ఉన్న చోటు, కిటికీ చుట్టూ తీగలు వెళ్లిన దారి చూపించే ఒక్క కాగితం ఇవ్వాలి. ఈ వివరాలన్నీ వారి దగ్గర ఎలాగూ ఉంటాయి.

ఇట్లు,
కిటికీ బ్లైండ్లు బిగించే పనివారు,
విజయవాడ